లాగ్‌బుక్కులో ఒక ఖాళీ గడి

ఇన్‌కాయిస్ సంచాలకులకు బహిరంగ లేఖ



అలల చప్పుడు వినరాని దక్కను పీఠభూమి నడుమ, ప్రగతినగరమున కూర్చుండి, హిందూమహాసముద్రమున ఏ నీరు ఎంత వెచ్చబడినది, ఏ కెరటము ఎంత ఎత్తున లేచుచున్నది, ఏ తీరమునకు ఎప్పుడు సునామీ ముప్పు రానున్నది అను విషయములను రేయింబవళ్ళు లెక్కగట్టి దేశమునకు తెలియజేయు సంస్థకు మీరు అధిపతులు. అదే నగరమునకు ఈ చివర, తార్నాకలో, ఉస్మానియా విశ్వవిద్యాలయపు ప్రాంగణమునకు నడిచిపోదగిన దూరమున నివసించుచు, జీవితమంతయు విద్యార్థులకు భూగోళశాస్త్రము బోధించి, ఇప్పుడు పాత పటములను తిరుగవేసికొనుచు కాలక్షేపము చేయుచున్న వృద్ధుడను నేను. సముద్రమున మునిగి అడుగున ఉన్న వింతలను చూచివచ్చు స్కూబా డైవర్ల కొఱకు, వారి లాగ్‌బుక్కులలో అమర్చుకొనదగిన తెలుగు దారిపత్రములను అచ్చువేయించు భారమును మీ సంస్థ వహింపవలెనని కోరుటకు ఈ లేఖ వ్రాయుచున్నాను. కోరిక చిన్నదే, అయినను దానిని పర్యాటకశాఖవారినో డైవింగు శిక్షణసంస్థలవారినో కోరక మిమ్ములనే కోరుటకు కారణములున్నవి గనుక, లేఖ కొంత దీర్ఘమైనచో మన్నింపుడు.

మా మనుమరాలు ఉస్మానియాలో జంతుశాస్త్రమున పరిశోధన చేయుచున్నది. నగరములోని ఈతకొలనులో ప్రాథమిక శిక్షణ పొందినది మొదలు, సెలవులు దొరికినప్పుడెల్ల నలుగురు స్నేహితులను కూడగట్టుకొని సాయంకాలమున గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కుట, తెల్లవారునప్పటికి విశాఖపట్టణమున దిగి రుషికొండ దారి పట్టుట ఆమెకు అలవాటైనది. ఆమె లాగ్‌బుక్కును నేను చూచినాను. అది ఉక్కు ఉంగరములు గల అట్టలో కూర్చిన చిన్న పుస్తకము. కావలసినప్పుడు పుటలు విప్పి మరల కూర్చుకొనవచ్చును. ప్రతి పుటయందును డైవు సంఖ్య, తేదీ, నీటిలో దిగిన వేళ, పైకి తేలిన వేళ, మిక్కిలి లోతు ఎంత, సిలిండరులో మొదట ఎన్ని బార్ల గాలి ఉండెను, తుదకు ఎన్ని మిగిలెను, నడుమునకు ఎన్ని కిలోల సీసము కట్టుకొనెను, నీటి వేడిమి ఎంత, ఎదుట ఎంత దూరము కనబడెను అను గడులు అచ్చై యున్నవి. అడుగున తోడు దిగిన డైవరు సంతకము, శిక్షకుని ముద్ర. ఈ గడులనన్నిటిని ఆమె కుదురైన అక్షరములతో నింపినది. స్థలము అని ఉన్న గడిలో మాత్రము పుట తరువాత పుటయందు ఒకే మాట కనబడినది: వైజాగ్.

వైజాగ్‌లో ఎక్కడ అని అడిగితిని. ఒకనాడు పడవ భీమిలి వైపు పోయినదట. మరియొకనాడు తిన్నగా తూర్పునకు పోయి లంగరు వేసినదట. ఒక చోట రాళ్ళు, ఒక చోట ఇసుక, ఒక చోట తెగిన వల చుట్టుకొన్న బండ. ఏ చోటు ఎక్కడిదో పడవ నడుపువానికి తెలియును, శిక్షకునికి తెలియును, కాని వ్రాసిపెట్టినవారు లేరు. ఎర్రసముద్రమునందును, హవాయి దీవులయందును, కరీబియన్ జలములయందును ఒక్కొక్క రాతిదిబ్బకు ఒక్కొక్క పత్రము, తడిసినను చెడని కాగితముపై, లోతులతోను ప్రవాహపు దిక్కులతోను అచ్చై అంగళ్ళలో అమ్ముడుపోవుచున్నది. డైవరు దానిని తన పుస్తకమున గ్రుచ్చుకొని, డైవు ముగిసిన తరువాత తాను చూచినదానిని దాని ప్రక్కనే వ్రాసికొనును. 974 కిలోమీటర్ల సముద్రతీరము కలదని పాఠ్యపుస్తకములలో చదివి పరీక్షలు వ్రాసిన తెలుగువారికి, ఆ తీరమున నీటి క్రింది చోటు ఒక్కటియు తెలుగున అచ్చై చేతికి అందకపోవుట నాకు వింతగా తోచినది.

దీనిని వినోదమునకు సంబంధించిన చిన్న విషయముగా తలంపవద్దు. నీటిలో ప్రతి 10 మీటర్లకును ఒక వాయుమండలపు ఒత్తిడి అదనముగా చేరును. ప్రాథమిక అర్హతాపత్రము గల డైవరు దిగదగిన 18 మీటర్ల లోతున, అతడు పీల్చు ప్రతి ఊపిరియు గట్టుమీది ఊపిరికి దాదాపు మూడింతల గాలిని సిలిండరునుండి తీసికొనును. 12 లీటర్ల సిలిండరును 200 బార్లకు నింపినచో అందున్నది 2400 లీటర్ల గాలి. గట్టున నిమిషమునకు 20 లీటర్లు పీల్చువాడు అంత లోతున 56 లీటర్లు పీల్చును. ఆపదకని 50 బార్లు నిలువయుంచి లెక్కించినచో చేతికి మిగులునది అరగంటకు ఒకటి రెండు నిమిషములు మాత్రమే ఎక్కువ. కావున రాతి నెత్తి 12 మీటర్ల లోతున ఉన్నదా 20 మీటర్ల లోతున ఉన్నదా, ప్రవాహము పోవునప్పుడు ఎదురగునా వచ్చునప్పుడు ఎదురగునా అనునది పడవలో కూర్చుండియే తెలిసికొని తీరవలసిన విషయము. ఇప్పుడు అది శిక్షకుని నోటి మాటగా, ఇంజను రొదలో, సగము వినబడి సగము వినబడక జరిగిపోవుచున్నది.

ఇక మిమ్ములనే ఏల కోరుచున్నాననగా, నాకు ఇద్దరు పాతకాలపు నావికులు గుర్తునకు వచ్చుచున్నారు. 1786లో బటావియా నుండి సింహళమునకు పోవుచున్న అట్లాసు అను ఓడ డియేగో గార్సియా దీవికి తగిలి పగిలినది; కారణము పటములోని తప్పు. ఆ ఓడలో అధికారిగా ఉండి బ్రదికి బయటపడిన జేమ్సు హార్స్‌బర్గు అను స్కాట్లండు యువకుడు, ఆ తప్పుపటమును మరువలేక, అటు పిమ్మట తాను పోయిన ప్రతి జలమార్గమునందును లోతులు, గాలులు, ప్రవాహములు వ్రాసికొనుచు, తూర్పిండియా కంపెనీ కార్యాలయమున ప్రోగుపడియున్న ఓడల దినచర్యా పుస్తకములను తిరుగవేసి, 1809 మొదలుకొని తన మహాగ్రంథమును ప్రకటించెను. మరుసటి యేడు కంపెనీవారు ఆయనను తమ జలపటకారునిగా నియమించిరి. మన కోరమాండలు తీరమున లంగరు వేసిన ఎన్ని ఓడలు ఆ గ్రంథమును నమ్మి బ్రదికినవో చెప్పతరము కాదు. ఆ గ్రంథమునకు మూలద్రవ్యము ఏది? ఎవరో అనామక నావికులు, ఎవరు చదువుదురో తెలియక, పూటపూటకు వ్రాసిపెట్టిన లాగ్‌బుక్కులే.

రెండవవాడు అమెరికా నౌకాదళమునకు చెందిన మాత్యూ మోరీ. ఇతడు ఇంకను యుక్తిపరుడు. కాలు విరిగి ఓడ యెక్కుటకు వీలుపడక, పటముల భాండాగారమునకు అధికారియై, అక్కడ ధూళి పట్టిన ఓడల లాగ్‌బుక్కులను విప్పి, 1847లో గాలులను ప్రవాహములను చూపు తొలి పటమును వెలువరించెను. అంతటితో ఆగక, నావికులతో ఒక ఒడంబడిక చేసికొనెను: నేను ఇచ్చు ఖాళీ పత్రములను మీ ప్రయాణమున నింపి తెచ్చి ఇండు, నా పటములను మీకు ఊరకే ఇచ్చెదను. సరకు ఓడల కెప్టెన్లు, లాభము లేనిదే కలము పట్టనివారు, వేలకొలది పుటలు నింపి పంపిరి. 1853లో బ్రస్సెల్సులో పలు దేశములవారు కూడి ఆ వ్రాతపద్ధతినే అందఱును అనుసరించునట్లు నిశ్చయించుకొనిరి. నేను కోరునదియు ఈ ఒడంబడికయే. దారిపత్రము లాగ్‌బుక్కునుండి పుట్టవలెను, లాగ్‌బుక్కునకే తిరిగి చేరవలెను. ఈ రాకపోకలకు నడుమ నిలువదగినది సరకు అమ్మువాడు కాదు, లెక్క చెప్పువాడు.

మీ సంస్థకు ఈ పని క్రొత్తయు కాదు. 1999 నుండి మీరు మత్స్యకారులకు పంపుచున్న చేపల జాడ సలహాలను నేను రేవులలోని పలకలమీద చూచియున్నాను. ఫలాన రేవునుండి ఫలాన దిక్కునకు, ఇన్ని కిలోమీటర్ల దూరమున, ఇన్ని మీటర్ల లోతున అని తెలుగులో, ఒక్క మాట ఎక్కువ లేక, ఒక్క మాట తక్కువ లేక వ్రాసియుండును. ఉపగ్రహము పసికట్టిన సముద్రపు వేడిమిని, నీటి రంగును తెప్ప నడుపువానికి పనికివచ్చు మూడు మాటలలోనికి దింపిన నేర్పు అది. దిక్కు, దూరము, లోతు: డైవరుకు కావలసిన మొదటి మూడును ఇవియే. పైగా ఏ రేవు ఎదుట ఏ నాడు ఎంత కెరటము రానున్నదో మీకు ముందుగా తెలియును. సముద్రపటములు అచ్చువేయు జాతీయ జలపట కార్యాలయము హిమాలయముల పాదమున డెహ్రాడూనులో ఉన్నప్పుడు, డైవర్ల పత్రములు హైదరాబాదులో అచ్చగుటలో తప్పేమున్నది?

పత్రమున ఏమేమి ఉండవలెనో చెప్పుటకు నేను అధికారిని కాను గాని, పరదేశముల పత్రములలో ఉండనివి, మన పత్రములలో ఉండి తీరవలసినవి కొన్ని కలవు.

మొదటిది ఋతువు. బంగాళాఖాతపు నీరు ఏడాది పొడవునను ఒక తీరుగా ఉండదు. మాఘ ఫాల్గుణములనుండి వేసవి నడిమి వఱకు మన తీరము వెంబడి ప్రవాహము ఉత్తరమునకు పోవును. కార్తీక మార్గశిరములకు అది మొగము త్రిప్పి దక్షిణమునకు పారుచు, గంగా బ్రహ్మపుత్రల మంచినీటి చాయను తనతో తెచ్చును. వానకాలమున గోదావరి వఱద కలిసినప్పుడు చేయి చాచినచో వ్రేళ్ళు కనబడని దినములుండును. 1950ల తొలినాళ్ళలో అమెరికానుండి ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వచ్చిన లాఫాండు అను సముద్రశాస్త్రవేత్త, విశాఖ ఎదుట వేసవి ముందు నెలలలో అడుగు నీరు పైకి ఉబికివచ్చు తీరును పరిశీలించి ప్రకటించెను. ఆ నెలలలో పైన వెచ్చగా ఉన్నను కొన్ని మీటర్లు దిగగానే చలి పుట్టుట డైవర్లకు అనుభవమే, కాని కారణము తెలిసినవారు కొందఱే. సముద్రపు అడుగున ఆయన గుర్తించిన లోయలలో ఒకదానికి ఆంధ్ర అనియు, ఒకదానికి మహాదేవన్ అనియు పేర్లు పెట్టబడినవి. ఆ మహాదేవన్‌గారు విశాఖలో భూగర్భశాస్త్రాచార్యులగుటకు పూర్వము మన హైదరాబాదు రాజ్యపు భూగర్భ పరిశోధనశాఖలో పనిచేసినవారే. ఈ రాతి నగరమున పని నేర్చినవాని పేరు బంగాళాఖాతపు లోయకు నిలిచిన సంగతి తార్నాకలో ఎందఱెఱుగుదురు!

రెండవది రాయి. రుషికొండ మొదలు భీమునిపట్టణము వఱకు నీటి క్రింద డైవరు చూచు బండలు గట్టున కనబడు తూర్పుకనుమల ఖోండలైటు రాతికి కొనసాగింపే. ఇరువదివేల యేండ్ల క్రిందట, ధ్రువములయందు మంచు పేరుకొనియున్న కాలమున, సముద్రము నేటికంటె సుమారు 120 మీటర్లు దిగువన ఉండెను. నేడు 20 మీటర్ల లోతున చేపలు తిరుగుచున్న గుట్ట నాడు గాలివాన తగిలిన గుట్ట. మంగమారిపేట ఒడ్డున, నీరు పాటున ఉన్నప్పుడు కనబడు శిలాతోరణమును చూచినవారు అదే చెక్కుడుపని నీటి క్రింద ఎట్లుండునో ఊహించుకొనగలరు. ఈ రెండు వాక్యములు పత్రమున ఉన్నచో డైవరు కన్నుల ఎదుట ఉన్నది ఒట్టి బండ కాక కథ గల బండ యగును. మీ ఇరుగుపొరుగు సంస్థ కాకున్నను, మా ఇరుగుపొరుగున ఉన్న జాతీయ భూభౌతిక పరిశోధనసంస్థవారు ఈ రెండు వాక్యములను ఒక పూటలో వ్రాసి ఇయ్యగలరు.

మూడవది ప్రాణమునకు సంబంధించినది. దీనిని గూర్చి కొంత విపులముగా చెప్పవలసియున్నది. హైదరాబాదునుండి విశాఖకు పోవు యువజనుల ప్రయాణప్రణాళికను మీరెన్నడైన చూచితిరా? ఉదయము రుషికొండలో డైవింగు; మధ్యాహ్నము భోజనము చేసి కారెక్కి బొర్రా గుహలు, అనంతగిరి; రాత్రికి అరకు. రెండు దినములలో సముద్రము, కొండ రెండును చూచి వచ్చితిమన్న తృప్తి. అరకులోయ సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తు. దారిలోని గాలికొండ అంతకంటెను ఎత్తు. ఒత్తిడి గల గాలి పీల్చినవాని రక్తమునను కండరములయందును నత్రజని కరిగియుండును. అది మెల్లమెల్లగా ఊపిరితో బయటకు పోవలెను. అంతలోనే ఒత్తిడి తగ్గిన చోటికి పోయినచో, గోలీ నొక్కిన సోడాబుడ్డిలో వలె, అది లోలోపలనే బుడగలు కట్టును. కీళ్ళ నొప్పులతో మొదలై పక్షవాతము వఱకు పోగల ఉపద్రవమిది. ఒక్క డైవు చేసినవారు 12 గంటలు, పలుమార్లు దిగినవారు 18 గంటలు గడువనిదే విమానమెక్కరాదని డైవర్ల వైద్యసహాయసంస్థయైన డాన్ వారు చెప్పుచున్నారు. ఆ నియమము 600 మీటర్లు మొదలుకొని 2400 మీటర్ల వఱకు గల ఎత్తుల ఒత్తిడిని ఉద్దేశించినది. అరకు ఘాటురోడ్డు సరిగా ఆ హద్దులలోపలనే ఉన్నది. విమానము సంగతి ప్రతి శిక్షకుడును చెప్పును, విమానమెక్కువాడు జ్ఞాపకముంచుకొనును. కారెక్కి కొండ యెక్కువానికి మాత్రము తాను ఆకసమునకు పోవుచున్నానన్న తలంపే రాదు. ఎర్రసముద్రపు పత్రమున అరకు పేరు ఉండదు. రుషికొండ పత్రమున, అన్నిటికంటె పైని, పెద్ద అక్షరములతో ఉండవలసినది అరకు పేరే. నా మాటలలో ఇంకేమి మఱచినను ఈ ఒక్కటి మఱువవద్దని ప్రార్థన.

మఱి, తీరరక్షకదళపు 1554, అంబులెన్సు 108, ఒత్తిడి గది గల దగ్గరి వైద్యశాల పేరు, నౌకాదళమువారు దిగగూడదన్న జలముల హద్దులు పత్రమున ఉండవలెనని మీకు చెప్పనక్కరలేదు. 1971 డిసెంబరులో విశాఖ వాకిట మునిగిన గాజీ జలాంతర్గామిని చలనచిత్రమున చూచిన పిల్లలు అక్కడికి పోవుదుమా అని అడుగుచుందురు. అది పోవు చోటు కాదని అచ్చులో ఉన్నచో శిక్షకునికి పని తగ్గును. శంఖమో సముద్రగుఱ్ఱమో కంటబడినంతనే సంచిలో వేసికొనువారికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము ఒక్క వాక్యమున జ్ఞప్తికి తెచ్చుటయు మేలే.

ఇచ్చట ఒక చిక్కు కలదు. దానిని దాటవేసినచో నా లేఖకు నిజాయితీ ఉండదు. నీటి క్రింది రాళ్ళ నెలవులు ఎవ్వరికిని తెలియవనుకొనుట మన నగరవాసుల అజ్ఞానము. విశాఖనుండి ఉత్తరమునకు, విజయనగరము జిల్లా చింతపల్లి వఱకు, ప్రతి పల్లెలోని జాలరులకును వాడబలిజలకును ఆ రాళ్ళు తరతరాలుగా తెలియును. చింతపల్లి ఎదుట మునిగియున్న ఓడ నేడు డైవర్లకు వింత. ఆ ఊరి వలలకు అది ఎప్పటినుండియో తెలిసిన చోటే. గట్టుమీది రెండు కొండలు ఎప్పుడు ఒకదాని చాటునకు ఒకటి పోవునో చూచి, మరియొక వైపున ఇంకొక జంటను చూచి, ఆ రెండు గీతలు కలియు చోట గాలము జారవిడుతురు. చేపలుప్పాడలో ఒక వృద్ధుడు నాకు చెప్పినది: “ఆ మెట్ట ఈ కొండ ఎనక్కి దాగిపోయిందంటే కింద రాయి ఉన్నట్టే బాబూ. మా అయ్య సూపించాడు, నా కొడుక్కి నాను సూపించాను. మరోడికి సెప్పం.” భూమికొలతలో మేము బోధించు త్రికోణపద్ధతికి ఇది ఏమాత్రమును తీసిపోదు; మా విద్యార్థులకు థియొడొలైటు కావలయును, ఆయనకు కన్నులు చాలును.

ఆ వృద్ధుని చివరి మాటను గమనింపుడు. మరొకనికి చెప్పరు. ఎందుకు చెప్పవలెను? ఆ రాయి వారికి ఆస్తి. దాని చుట్టు తిరుగు కోనాము, చందువలు వారి ఇంటి కూడు. ఆ రాయి అక్షాంశ రేఖాంశములను మనము అందముగా అచ్చువేసి అంగడిలో పెట్టినచో, మరునాడే అక్కడ పరాయి పడవల లంగరులు దిగును, గాలములు దిగును, బండలమీది జీవరాశి చిదికిపోవును. కావున అన్ని చోట్లకును పత్రములు వేయవద్దు. డైవింగు పడవలు ఇప్పటికే పోవుచున్న చోట్లకు మాత్రమే, ఆ పల్లెవారిని కూర్చుండబెట్టి మాటాడి, వారు సరే అన్న వాటికి మాత్రమే వేయుడు. వారు వలదన్నది వలదు. సరే అన్న చోటికి డైవర్లను తీసికొనిపోవు పడవ ఆ పల్లెదే కావలెనని పత్రముమీదనే వ్రాయవచ్చును. ఈ నియమము డైవింగు వ్యాపారులకు రుచింపకపోవచ్చును. అందుకే ఈ పని వ్యాపారుల చేతిలో పెట్టవద్దనుట.

పత్రము ఫోనులో ఉండిన చాలదా, ముంజేతి కంప్యూటరు లోతును వేళను తానే వ్రాసికొనుచుండగా కాగితమేల అని మీ యువశాస్త్రజ్ఞులు అడుగవచ్చును. ముంజేతి కంప్యూటరు ఎంత లోతునకు పోతివో చెప్పును గాని ఏమి చూచితివో చెప్పదు. ఉప్పు చేతులతో పడవలో ఫోను తీయువాడు దానిని ఎంతకాలము కాపాడుకొనునో కూడ సందేహమే. అన్నిటిని మించి, అచ్చుపత్రమునకు తేదీ ఉండును, ప్రకటించినవాని పేరు ఉండును. తప్పున్నచో ఎవరిని అడుగవలెనో తెలియును. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖను తాకిన పూట గట్టున ఏమి మిగిలెనో మనము చూచితిమి. అట్టి తుపాను అడుగు ఇసుకను మాత్రము కదపకుండ విడుచునా? ఒక వానకాలమునకు ముందు కనబడిన బండ తరువాత కప్పబడవచ్చును. కనుక ప్రతి పత్రముమీదను ఏ నెలలో ఎవరు దిగి చూచి వ్రాసినదో ఉండవలెను, ఏటేట క్రొత్త ముద్రణ రావలెను.

కాగితము సంగతి కూడ చెప్పెదను, ఏలయనగా మా ఇంట ఈ ప్రయోగము జరిగినది. మనుమరాలు తన స్నేహితులతో కూడి ఒక చోటికి తామే ఒక పత్రము గీసి, తార్నాక చౌరస్తాకు దగ్గరి జిరాక్సు దుకాణమున లామినేషను చేయించినది. సిద్ధాంతగ్రంథములకు స్పైరలు బైండింగు, ఉద్యోగముల దరఖాస్తులకు నకళ్ళు, ఇదియే ఆ దుకాణపు వ్యాపారము. కాగితమును ప్లాస్టిక్ సంచిలో పెట్టి వేడి రోలరుల నడుమ నడిపి వెచ్చవెచ్చగా చేతికిచ్చినాడు. సముద్రములోనికని తెలిసి నవ్వి, “నీళ్ళల్ల ముంచేటందుకు కాదమ్మా ఇది, గోడకు పెట్టేటందుకు” అన్నాడట. ఆతని మాటయే నిజమైనది. అంచులు బాగుగనే నిలిచినవి. లాగ్‌బుక్కు ఉంగరముల కొఱకు పొడిచిన రంధ్రములనుండి ఉప్పునీరు లోపలికి పాకి, ఇంకుజెట్టు సిరా నీలిమరకయై వ్యాపించి, లోతుల అంకెలను మ్రింగివేసినది. కావున కాగితమునకు ప్లాస్టిక్ తొడుగు వేయించుట కాదు, చిరుగని తడియని పాలీప్రొపిలీను పత్రముపైననే అచ్చువేయవలెను.  వెనుకవైపు నిగనిగలాడక పెన్సిలు పట్టునట్లు గరుకుగా ఉండవలెను. నీటిలో పెన్సిలు వ్రాయును, బాల్‌పెన్ను వ్రాయదు. ఆ వెనుకవైపుననే మోరీ ఒడంబడికను అచ్చువేయుడు: ఈ పుటను నింపి ఛాయాచిత్రము తీసి ఇన్‌కాయిస్‌కు పంపినవారికి తరువాతి ముద్రణ ఊరకే పంపబడును అని.

ఉస్మానియావారు ఈ పనిలో పాలుపంచుకొనవలెనని నా ఆశ. 1918లో ఈ విశ్వవిద్యాలయము వెలసినప్పుడు, తరగతులకంటె ముందే, 1917లోనే దారుల్ తర్జుమా అను అనువాదశాఖ వెలసినది. శాస్త్రము ముందు అచ్చు కావలెను, తరువాత చదువు సాగవలెను అన్నది ఆనాటి వారి ఎఱుక. ఆ గౌరవము ఉర్దూకు దక్కినది. తెలుగు తన అకాడమీ కొఱకు 1968 వఱకు కాచుకొనియుండవలసి వచ్చినది. ఇది ఎత్తిపొడుపు కాదు, లెక్క మాత్రమే. ఆర్ట్సు కళాశాల మెట్లమీద కూర్చుండి పోటీపరీక్షల పుస్తకములు వల్లెవేయుచున్న పిల్లలలో పటము గీయగలవారు, చేపలను గుర్తింపగలవారు, మంచి తెలుగు వాక్యము వ్రాయగలవారు ఉన్నారు. భూగోళశాస్త్రశాఖ, జంతుశాస్త్రశాఖ, భూభౌతికశాఖ అను మూడు శాఖలనుండి ముగ్గురిని ఇండని మీరు ఒక ఉత్తరము వ్రాసినచో కాదనువారుండరు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయము ఎట్లును ఉన్నది. దిగుటకు వారు, గీయుటకు వీరు.

ప్రారంభమునకు పది పత్రములు వలదు, రెండు చాలును: ఒకటి రుషికొండకు, ఒకటి చింతపల్లికి. నీరు తేటపడు కాలమునకు ముందే పల్లెలలో మాటలు ముగిసినచో, ఆ కాలమున దిగి చూచి, వేసవికి అచ్చునకు ఇయ్యవచ్చును. చోట్లకు పేర్లు పెట్టునప్పుడు డైవింగు సంస్థలవారు తగిలించిన సొగసు పేర్లను విడిచి, ఆ ఊరి పడవవారు పిలుచు పేర్లనే అచ్చువేయుడు. ప్రూఫులు దిద్దుటకు మనిషి దొరకనిచో నాకు పంపుడు; జీవితమంతయు విద్యార్థుల వ్రాతలను దిద్దిన అలవాటు ఇంకను పోలేదు. ఎఱ్ఱసిరాతో గుర్తులు పెట్టి, వారము తిరుగకుండ మీకు చేర్చెదను.

ఇట్లు,
భవదీయుడు,
విశ్రాంత భూగోళశాస్త్రోపాధ్యాయుడు,
తార్నాక, హైదరాబాదు.